తాళంచెవిలో చిప్పు

శ్రీసత్యసాయి జిల్లాలో, పెనుకొండ దగ్గర, 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి. ఆ కంపెనీ, దాని తోబుట్టువు హ్యుందాయ్ అమెరికాలో అమ్మిన లక్షలాది కార్లలో దొంగతనాన్ని అడ్డుకునే ఇమ్మొబిలైజర్ పెట్టలేదు. సంగతి పసిగట్టిన అక్కడి కుర్రాళ్లు యూఎస్‌బీ కేబుల్ కొనతో బండ్లు స్టార్ట్ చేసి ఎత్తుకుపోయారు. చివరికి 2023లో 83 లక్షల కార్లకు ఉచితంగా సాఫ్ట్‌వేర్ మారుస్తామని ప్రకటించాల్సి వచ్చింది. మిగుల్చుకున్నదెంత, పోగొట్టుకున్నదెంత? యూరప్‌లో 1998 నుంచీ, కెనడాలో 2007 నుంచీ తప్పనిసరి చేసిన పరికరమది. తాళంచెవి తలలో చిన్న చిప్పు, తాళం చుట్టూ తీగచుట్ట. చిప్పు సంకేతం ఇంజన్ కంప్యూటర్‌కు కుదిరితేనే బండి కదులుతుంది. మన కార్లలో చాలావాటికి ఇది ఉంది, కానీ రిపేరు వచ్చినప్పుడే అసలు తంటా. కొత్త చెవి కోయడం బజారులో ఎవరైనా చేస్తారు, చిప్పును బండికి పరిచయం చేయాలంటే మాత్రం స్కానర్, కోడ్ కావాలి. అవి కంపెనీ షోరూమ్ గుప్పిట్లో ఉంటే చిన్న ఊరి మెకానిక్ ఏం చేస్తాడు? “దాన్ని పీకేయప్పా, బండి నడిస్తే చాలు” అని ఓనరే అంటాడు. నేను మెకానిక్‌ను తప్పుపట్టను. తప్పు కంపెనీలదే, శిక్షణ, పరికరం, కోడ్ ఊరి షెడ్లకూ న్యాయమైన ధరకు అందాల్సిందే. అంతవరకూ పాత కారు కొనేవాళ్లు రెండు చెవులూ అడిగి తీసుకోండి, రెండింటితోనూ స్టార్ట్ చేసి చూడండి. కారు పోయిందని క్లెయిమ్‌కు వెళ్తే బీమా కంపెనీ సాధారణంగా ఆ రెండూ అడుగుతుంది.