కరిగిపోతున్న కొండమీద ఊరు!

ఆ ఊళ్లోకి అడుగుపెట్టాలంటే టికెట్‌ కొనాలి. కార్లూ బస్సులూ వెళ్లవు. లోయమీద 1965లో కట్టిన సన్నటి వంతెన ఎక్కి నడిచి వెళ్లాల్సిందే. ఇటలీలో, రోమ్‌కి ఉత్తరాన సుమారు 120 కిలోమీటర్ల దూరంలో కొండకొమ్మున ఉన్న ఆ ఊరి పేరు చివితా ది బాన్యోరేజో. ముద్దుపేరు మాత్రం... 'చనిపోతున్న ఊరు'!

రెండున్నర వేల ఏళ్ల కిందట ఎట్రుస్కన్లు కట్టిన ఊరిది. పైన అగ్నిపర్వత బూడిద గట్టిపడి ఏర్పడిన రాయి, కింద బంకమట్టి. వానకీ వాగులకీ ఆ మట్టి కోసుకుపోతుంటే పైనున్న రాయి పెళ్లలుగా విరిగిపడుతుంది, అంచున ఉన్న ఇళ్లతో సహా! 13వ శతాబ్దంలో ఇక్కడే పుట్టాడంటున్న సెయింట్‌ బొనవెంచర్‌ ఇల్లూ అలాగే లోయపాలైందట. 1695లో భూకంపం వచ్చాక చాలామంది పక్కనున్న బాన్యోరేజోకి తరలిపోయారు. ఇప్పుడు ఏడాది పొడవునా ఉండేది పట్టుమని పాతికమంది కూడా లేరు.

అయితేనేం, రాళ్లు పరిచిన సందులూ పూలకుండీల మెట్లూ శాన్‌ దొనాతో చర్చీ ముందున్న మైదానంలో జరిగే గాడిద పందేలూ చూడ్డానికి ఏటా లక్షలమంది వస్తారు. 2013లో పెట్టిన టికెట్‌ వల్ల వాళ్లు తెచ్చే సొమ్ము స్థానిక సంస్థకు పెద్ద ఆసరా. జనం వదిలేసి వెళ్లిన ఊరిని ఇప్పుడు నిలబెడుతున్నది, ఒక్కపూట చూసిపోయే పరాయివాళ్లే మరి!