ఆల్జీర్సు సంగ్రామము: సేనాని యడిగిన ప్రశ్న

యుద్ధచిత్రములు సామాన్యముగా రెండు తెఱగులు. కొన్ని విజేతను కీర్తించును; కొన్ని మృతులకై కన్నీరు పెట్టించును. గెలిచిన సైన్యము ఏల యోడిపోయెనో విచారించు చిత్రములు మిక్కిలి యరుదు. ఇటలీ దేశీయుడగు జిల్లో పోంటెకోర్వో దర్శకత్వమున 1966లో వెలువడిన ‘ఆల్జీర్సు సంగ్రామము’ అట్టివానిలో నగ్రగణ్యము. వెనిసు నగరమున ఆ యేటి సువర్ణసింహ బహుమానము దానికే లభించెను. ఫ్రాన్సులో మాత్రము 1971 వరకు ప్రజలు దానిని చూడ నోచుకొనలేదు. ఒక చిత్రమును చూచి యొక మహారాజ్యము జంకెనన్న, అందేదో సత్యమున్నదనియే తలపవలెను.

ఈ చిత్రమును చూచువారికి ఇది యథార్థ వార్తాచిత్రమేమో యను భ్రమ కలుగును. కాని యందు వార్తాచిత్రములనుండి గ్రహించినది ఒక్క యడుగైనను లేదు. ఆల్జీర్సు వీధులలోనే, ఆ నగర జనులచేతనే నటింపజేసిరి. 1957లో నిజముగా నా పోరాటమును నడపి పట్టుబడిన సాదీ యాసెఫ్ చిత్రనిర్మాతలలో నొకడు. తన్ను బోలిన పాత్రను తానే ధరించెను. ఫ్రెంచి సేనాని కర్నల్ మాత్యూ వేషమును ధరించిన ఝాన్ మార్తాన్ ఆ యుద్ధమును నిరసించుచు 1960లో నూటయిరువదియొక్కరు వెలువరించిన ప్రకటనపై సంతకము చేసినవాడు. ఎవ్వరి పాత్రయు నీచముగా చిత్రింపబడకపోవుట యిందలి విశేషము.

కథ సుపరిచితమే. 1957 జనవరిలో జనరల్ మస్యు నాయకత్వమున పదియవ పారాచూటు దళమునకు నగర రక్షకాధికారములన్నియు నప్పగింపబడెను. సైనికులు కస్బాను ముండ్లకంచెలతో చుట్టివేసిరి. పట్టుబడినవారిని హింసించి పేర్లు రాబట్టిరి. ఆ పేర్లనుబట్టి జాతీయ విమోచన సమితి రహస్యశాఖల నొక్కొక్కటిగా త్రుంచిరి. అక్టోబరు 8న అలీ లా ప్వాంత్ దాగియున్న యింటిని పేల్చివేయుటతో సైన్యమునకు సంపూర్ణ విజయము చేకూరెను. అయిదేండ్లు నిండకమునుపే, 1962 జూలై 5న, ఆల్జీరియా స్వతంత్రమయ్యెను.

విమోచన సమితి చేతులు పరిశుద్ధములని చిత్రము చెప్పదు, మేమును చెప్పము. 1956 ఆగస్టు 10న యూరోపియను తీవ్రవాదులు కస్బాలోని తేబ్ వీధిలో బాంబు పెట్టి యిండ్లలోని జనులను చంపిరి. సెప్టెంబరు 30న సమితికి చెందిన స్త్రీలు యూరోపియనుల పానీయశాలలలో బాంబులు పెట్టిరి. ఆ బాంబు ప్రేలుటకు ముందు ఐస్‌క్రీము తినుచున్న పసివానిని పోంటెకోర్వో మన కన్నులయెదుట నిలిపినాడు. నిరపరాధుల హత్య ఏ పక్షము చేసినను హత్యయే.

అయినను చిత్రమునకు ప్రాణప్రదమైన ఘట్టము బాంబులది కాదు. కర్నల్ మాత్యూ పత్రికావిలేఖరులకు సమాధానము చెప్పు ఘట్టము. ఫ్రాన్సు ఆల్జీరియాలో నుండవలెనా, వలదా యన్నదే అసలు ప్రశ్న యనియు, ఉండవలె ననువారు తత్ఫలితముల నన్నింటిని అంగీకరింపక తప్పదనియు అతని వాదము. ఈ వాదములో సగము సత్యము, సగము వంచన. రెంటిని వేరుపఱచి చూచుట ప్రతి పౌరునకు కర్తవ్యము.

సత్యమైన సగమును మొదట విచారింతము. ఆల్జీరియాను కట్టిపడవేసినది తుపాకి మాత్రమే కాదు, శాసనము. 1830లో ఫ్రెంచిసేనలు ఆల్జీర్సును పట్టుకొనెను. 1848లో ఆ దేశము ఫ్రాన్సు భూభాగమేయని ప్రకటింపబడెను. భూమి ఫ్రాన్సుదయ్యెను గాని, దానిపై నివసించు జనులు ఫ్రెంచి పౌరులు కాలేదు. 1881లో దేశీయులకు ప్రత్యేక శిక్షాస్మృతి యేర్పడెను. 1947 శాసనమువలన నేర్పడిన సభలో సుమారు పదిలక్షల యూరోపియనులకు అరువదిమంది ప్రతినిధులు. ఎనుబదిలక్షలకు మించిన ముస్లిములకును అరువదిమందియే. ఆ స్వల్పాధికారమునైనను నిలువనీయక, 1948 ఎన్నికలలో అధికారులు బాహాటముగా నక్రమములు జరిపించిరి. వోటు దారిని మూసివేసినవారు బాంబు దారిని తెఱచినవారి నెట్లు నిందింపగలరు?

1956 మార్చిలో ఆల్జీరియాలో ప్రభుత్వమునకు ప్రత్యేకాధికారములను ప్రసాదించినది సైన్యము కాదు, పారిసులోని శాసనసభ. ప్రధానమంత్రి గీ మొల్లే సోషలిస్టు. కమ్యూనిస్టులును అనుకూలముగానే వోటు వేసిరి. చిత్రమున నీ శాసనసభ యెచ్చటను కానరాదు. అదియే యందలి లోపమని మా యభిప్రాయము. చిత్రహింసాగృహమునకు తాళపుచెవి నందించిన చేయి తెరమీదికి రాలేదు.

ఆ చేతి తీరును తెలిసికొనుటకు ఆంధ్రులు దూరము పోనక్కఱలేదు. గౌతమీతీరమున యానాము కలదు. అదియు రెండు శతాబ్దములకు పైగా ఫ్రెంచివారి యేలుబడిలో నుండినదే. 1954 జూన్‌లో యానాము ఆ పాలనను త్రోసిపుచ్చెను. అక్టోబరు 18న కీళూరులో సమావేశమైన 178 మంది ప్రజాప్రతినిధులలో 170 మంది భారతదేశమున చేరుటకు సమ్మతించిరి. నవంబరు 1న పుదుచ్చేరి, కారైకాలు, మాహే, యానాములు వాస్తవముగా మన ప్రభుత్వమున కప్పగింపబడెను. సరిగా ఆ నవంబరు 1వ తేదీనే ఆల్జీరియాలో విమోచన సమరము మొదలయ్యెను!

ఈ రెండు సమస్యలను ఎదుర్కొన్నది ఒక్కటే మంత్రివర్గము. పుదుచ్చేరిని విడుచుట కంగీకరించిన ప్రధాని మెందెస్ ఫ్రాన్స్, ఆ నెలలోనే, ఆల్జీరియా ఫ్రాన్సులో నంతర్భాగమని శాసనసభలో ప్రకటించెను. యానాములో నొక న్యాయము, ఆల్జీర్సులో నొక న్యాయము ఏల? యానాములో వలసదారుల ద్రాక్షతోటలు లేవు. పారిసులో మంత్రివర్గములను పడగొట్టగల వలసదారుల ప్రతినిధులు లేరు. ఆల్జీరియాకు రెండును కలవు. మెందెస్ ఫ్రాన్సు మంత్రివర్గమునే 1955 ఫిబ్రవరిలో కూల్చుటకు నాయకత్వము వహించినవాడు ఆల్జీరియాలోని కాన్‌స్టాంటీన్ ప్రతినిధి రెనే మయేర్. సూత్రము కాదు, స్వార్థమే విధానమును నిర్ణయించెను. మన ప్రాంతముల సంధిపత్రముపై 1956లో సంతకములైనను, ఆల్జీరియా స్వతంత్రమైన యారువారములకు, 1962 ఆగస్టు 16న గాని యది యమలులోనికి రాలేదు.

ఇక వంచనయైన సగము. ఉండదలచినచో హింస తప్పదు గనుక సైనికుడు నిర్దోషియను భావము మాత్యూ మాటలలో గర్భితమై యున్నది. చరిత్ర దీనిని త్రోసివేసినది. జనరల్ పారీ ద బొలార్ద్యేర్ చిత్రహింస నంగీకరింపక తన యధికారమును వదలుకొని, అరువదిదినములు దుర్గనిర్బంధము ననుభవించెను. ఆల్జీర్సు రక్షకశాఖ ప్రధానకార్యదర్శి పోల్ తెత్‌జెన్ పూర్వము నాజీలచేత చిత్రహింసలు పడినవాడు. ఖైదీల దేహములపై తానెఱిగిన చిహ్నములనే చూచి, 1957లోనే పదవిని విడిచెను. విధి తప్పదని మాత్యూ చెప్పుచుండగా, తప్పించుకొనుట సాధ్యమేయని వీరు నిరూపించిరి.

అబద్ధమునకు ఆయుర్దాయము దీర్ఘమే గాని యనంతము కాదు. ఫ్రాన్సు 1999 వరకు దానిని శాసనపూర్వకముగా ‘యుద్ధ’మని పిలువనైన లేదు, అంతవరకు నది ‘శాంతిభద్రతల పరిరక్షణ’. నిర్బంధములో లార్బీ బెన్ మెహిదీ యాత్మహత్య చేసికొనెనని 1957లో ప్రకటించిరి. ఆయనను ఫ్రెంచిసైనికులే చంపిరని ఫ్రెంచి యధ్యక్షుడు 2024లో నంగీకరించెను. ఈ యొక్క వాక్యము వెలువడుటకు అరువదియేడేండ్లు పట్టినది.

2003 ఆగస్టులో, అమెరికాసేనలు ఇరాకును ఆక్రమించిన కొలదినెలలకే, ఆ దేశపు రక్షణశాఖాధికారులు పెంటగనులో నీ చిత్రమును ప్రదర్శించుకొనిరి. నగరమును ఎట్లు లోబఱచుకొనవలెనను విద్య యిందు లభించును. కాని మాత్యూ యడిగిన ప్రశ్నకు సేనాశిబిరములో సమాధానము లభింపదు. ఉండవలెనా, వలదా యనునది పౌరులు నిర్ణయింపవలసినది. వారు మౌనము వహించినచో ఆ మౌనమే సమ్మతిగా లెక్కింపబడును. న్యాయవాదులు, వైద్యులు, ఉపాధ్యాయులు, ఉద్యోగులు నగు మన చదువరులు ఈ చిత్రమును తప్పక చూచెదరు గాక. చూచి, సైనికుని నిందించి తృప్తిపడక, ప్రత్యేకాధికారముల శాసనము ఏ దేశపు సభలో చర్చకు వచ్చినను, ఆనాడే తమ గొంతు వినిపింపవలెనని గ్రహింతురు గాక. బాంబులు ప్రేలిన పిమ్మట విచారించుట చరిత్రకారుని పని. ముందే ప్రశ్నించుట పౌరుని ధర్మము.