ఎత్తంటే భయం: విమానం నడపగలనా?

ప్రశ్న: మాది కొనకనమిట్ల మండలంలో ఒక పల్లెటూరు. వయసు ఇరవై. చిన్న విమానం నడపడం నేర్చుకోవాలని చిన్నప్పటినుంచీ కోరిక. పొలం అమ్మి అయినా చేర్పిస్తానంటున్నారు మా నాన్నగారు. కాని నాకు ఎత్తంటే భయం. మా ఊరి వాటర్ ట్యాంకు మెట్లు సగం ఎక్కేసరికి కాళ్ళు వణుకుతాయి, అరచేతులకు చెమటలు పడతాయి. ఈ సంగతి వైద్య పరీక్షలో చెప్పవద్దనీ, ఒక మాత్ర వేసుకుని వెళ్ళమనీ స్నేహితులు అంటున్నారు. నేను పైలట్ కాగలనా?

జవాబు: కాగలరు. అయితే పొలం అమ్మకముందే చేయవలసిన పనులు కొన్ని ఉన్నాయి. మీ స్నేహితుల సలహా మాత్రం పాటించకండి.

ముందు ఈ భయం ఎలా పుడుతుందో తెలుసుకోండి. మనం కదలకుండా నిలబడ్డామని అనుకున్నా శరీరం కొద్దికొద్దిగా ఊగుతూనే ఉంటుంది. ఆ ఊగుడును కళ్ళు, లోపలి చెవి, పాదాలు, కండరాలు కలిసి కనిపెట్టి సరిదిద్దుతుంటాయి. దగ్గరలో గోడో చెట్టో ఉంటే కంటికి ఈ పని సులభం. ఎత్తుమీద నిలబడినప్పుడు దగ్గరలో ఏ వస్తువూ ఉండదు. నేల ఎక్కడో దూరాన ఉంటుంది. చిన్న ఊగుడు కంటికి అందదు. దాంతో శరీరం మరికొంచెం ఎక్కువగా ఊగుతుంది, మెదడు ప్రమాదమని హెచ్చరిస్తుంది. ఇది కొంతవరకు అందరికీ ఉన్నదే. ఆ హెచ్చరిక మితిమీరి, మనిషిని మెట్లు కూడా ఎక్కనివ్వకపోతే దాన్ని ఎక్రోఫోబియా అంటారు. ఇది పిరికితనం కాదు.

ఇప్పుడు విమానం సంగతి చూడండి. శిక్షణకు విరివిగా వాడిన సెస్నా 152లో పక్కపక్కన రెండే సీట్లు. బెల్టు కట్టుకుని కూర్చుంటారు. చుట్టూ తలుపులు, ఎదురుగా చేతికందే దూరంలో మీటర్లు. కాలికింద అంచు లేదు, నేలదాకా దిగిన గోడ లేదు. అందుకే నిచ్చెన ఎక్కితే వణికేవారు కూడా కొందరు వెయ్యి అడుగుల ఎత్తున విమానంలో నిశ్చింతగా ఉంటారు. ఎత్తంటే తమకు భయమేనని చెప్పే పైలట్లు ఎందరో ఉన్నారు.

అయితే అందరికీ ఇలాగే జరుగుతుందని హామీ ఇవ్వలేను. విమానం ఒక పక్కకు వంగి మలుపు తిరిగినప్పుడు కిటికీలోంచి నేల సూటిగా కనబడుతుంది. అప్పుడు కొందరికి భయం వేస్తుంది. అందువల్ల డబ్బు కట్టకముందే ఏదైనా శిక్షణ సంస్థలో ఒక్కసారి బోధకుడి పక్కన కూర్చుని ఎగిరే అవకాశం అడగండి. ఇద్దరికీ కంట్రోళ్ళు ఉంటాయి కాబట్టి మీ చేయి వణికినా విమానం ఆయన చేతిలోనే ఉంటుంది. మీ భయం ఎంతో ఆ అరగంటలో మీకే తెలుస్తుంది.

ఈలోగా ఇంటిదగ్గర సాధన మొదలుపెట్టండి. ముందు పిట్టగోడ ఉన్న మిద్దెమీద నడిమధ్య నిలబడండి. తర్వాత గోడకు మూడడుగుల దూరంలో, ఆ తర్వాత గోడను పట్టుకుని, చివరకు గోడ దగ్గరే చేయి వదిలి నిలబడండి. మొదట దూరాన ఉన్న కొండను చూసి, కుదుటపడ్డాక కిందికి చూడండి. ఊపిరి నెమ్మదిగా తీసుకోండి. వేగంగా పీలిస్తే దానివల్లనే తల తిరుగుతుంది.

ముఖ్యమైన సంగతి: భయం పెరుగుతున్నప్పుడు పారిపోకండి. పారిపోతే ఆ క్షణానికి హాయిగానే ఉంటుంది, కాని మరుసటిసారి భయం రెట్టింపవుతుంది. అక్కడే ఉంటే అది పెరిగి, నిలిచి, తనంతట తానే తగ్గుతుంది. సగానికి తగ్గాకనే దిగండి. మార్కాపురం పలకమీద అక్షరాలు దిద్దినట్టు రోజూ దిద్దాలి. తోడుగా ఒకరిని ఉంచుకోండి. గట్టులేని బావులు, పిట్టగోడలేని మిద్దెలు, తాడిచెట్లు సాధనకు పనికిరావు.

జర్మన్ మహాకవి గోథే స్ట్రాస్‌బర్గ్‌లో చదువుకునే రోజుల్లో, 1770 ప్రాంతంలో, అక్కడి చర్చి శిఖరం పదేపదే ఎక్కి తన భయాన్ని పోగొట్టుకున్నాడు. 1958లో జోసెఫ్ వోల్పీ అనే వైద్యుడు మెట్టుమెట్టుగా భయం తగ్గించే పద్ధతిని చికిత్సగా వివరించాడు. ఇప్పుడు ప్రత్యేకమైన కళ్ళజోడు పెట్టి, కూర్చున్నచోటనే ఎత్తు చూపించే చికిత్స కూడా వచ్చింది. ఇంటి సాధనతో రెండు మూడు నెలల్లో గుణం కనిపించకపోతే మనోవైద్యుని కలవండి. సిగ్గుపడవలసిన పని లేదు.

ఇక మాత్రల సంగతి. భయం తగ్గించే మాత్రలు చాలావరకు మత్తు కలిగిస్తాయి, చురుకుదనాన్ని తగ్గిస్తాయి. వాటితో విమానం నడపడం మీ ప్రాణానికీ, పక్కవాడి ప్రాణానికీ ముప్పు. వైద్య పరీక్షకు అలా వెళ్ళడం డాక్టరును కాదు, మిమ్మల్ని మీరు మోసం చేసుకోవడం.

శిక్షణకు పౌరవిమానయాన శాఖ గుర్తించిన డాక్టరు వద్ద క్లాస్ 2 పరీక్ష, ఉద్యోగంగా నడపాలంటే క్లాస్ 1 పరీక్ష అవసరం. ఫీజు కట్టకముందే వీటిని చేయించుకోండి. కళ్ళు, రంగులు గుర్తించే శక్తి, చెవులు, రక్తపోటు చూస్తారు. నేలమీద ఉండగానే చుట్టూ ఉన్నవి గిర్రున తిరిగినట్లు అనిపించడం, స్పృహ తప్పడం, మూర్ఛ, చెవిపోటు ఎప్పుడైనా వచ్చి ఉంటే తప్పక చెప్పండి. అవి ఎత్తు భయం కాదు, వేరే జబ్బులు. వాటి సంగతి తేలకుండా ఎగరకూడదు.

ఎత్తు భయం గురించి కూడా ఉన్నది ఉన్నట్టు చెప్పండి. చెప్పుకున్న భయానికి వైద్యం ఉంది. దాచుకున్న భయం ఆకాశంలో ఒంటరిగా ఉన్నప్పుడు బయటపడితే ఆదుకునేవారు ఉండరు. ముందు మిద్దె, తర్వాత వైద్య పరీక్ష, ఆ తర్వాత బోధకుడి పక్కన ఒక్క ప్రయాణం. ఈ మూడూ ముగిశాక మీ నాన్నగారితో పొలం మాట మాట్లాడండి.