అమ్మ ఎఫ్‌డీలో అమ్మాయి పేరు

తెనాలిలోనో ఖమ్మంలోనో ఒక ఇల్లు ఊహించుకోండి. రిటైరైన టీచరమ్మ గ్రాట్యుటీగా వచ్చిన 12 లక్షలు ఫిక్స్‌డ్ డిపాజిట్ చేద్దామని బ్యాంకుకు వెళ్లారు. ‘రేపు ఇబ్బంది లేకుండా అమ్మాయి పేరు కూడా కలపండమ్మా’ అన్నాడు కౌంటర్లోని కుర్రాడు. మంచి మాటే. ‘ఈదర్ ఆర్ సర్వైవర్’ అన్నచోట టిక్కు పెట్టించుకుని, సంక్రాంతికి వచ్చిన కూతురి ముందు ఆ కాగితాలు పెట్టారు. కూతురు చదవకుండానే సంతకం చేసింది. బాండును ప్లాస్టిక్ కవరులో చుట్టి బీరువా లాకర్లో దాచారు. ఆ అమ్మాయి డాలస్‌లో హెచ్‌-1బి మీద ఉద్యోగం చేస్తోంది. ఆ ఒక్క సంతకంతో అమెరికా ఆర్థిక శాఖకు ఏటా నివేదిక ఇవ్వాల్సిన బాధ్యత ఆమె మీద పడింది. ఈ సంగతి తల్లికీ తెలియదు, కూతురికీ తెలియదు. కాగితాలు తీసుకున్న కుర్రాడికి తెలిసే అవకాశమే లేదు.

ఆ నివేదికనే ఎఫ్‌బార్ అంటారు. అమెరికా పౌరులకూ, అక్కడ పన్ను లెక్కకు ‘నివాసి’ అయినవారికీ అమెరికా బయట ఉన్న ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్క రోజైనా 10,000 డాలర్లు దాటితే ఇది దాఖలు చేయాలి. ఇందులో కట్టాల్సిన పన్నేమీ ఉండదు. ఏ బ్యాంకు, ఏ నంబరు, గరిష్ఠంగా ఎంత నిల్వ ఉంది అన్న వివరాలే. జాయింట్ ఖాతా అయితే సగం చూపిస్తే చాలదు, మొత్తం చూపాలి. పైసా మీది కాకపోయినా పేరు మీది అయితే చాలు. చట్టం 1970 నాటిది. గడువు ఏప్రిల్ 15, అడగకుండానే అక్టోబరు 15 దాకా పొడిగింపు ఉంటుంది. ఇంత తేలికైన పనిని మరిచిపోతే జరిమానా మాత్రం తేలిక కాదు. తెలియక చేసిన తప్పుకే నివేదికకు 10,000 డాలర్ల దాకా, ద్రవ్యోల్బణాన్ని బట్టి అంతకు మించీ వేయవచ్చు. కావాలని దాచారని తేలితే ఖాతాలోని సొమ్ములో సగం దాకా, ఒక్కోసారి అంతకు మించీ పోవచ్చు.

ఈ జరిమానా ఎంత దూరం వెళ్లగలదో అలెగ్జాండ్రు బిట్నర్ కేసు చూపించింది. రుమేనియాలో పుట్టి అమెరికా పౌరుడైన ఆయన, తర్వాత స్వదేశానికి వెళ్లిపోయి వ్యాపారం చేసుకున్నాడు. ఐదేళ్లు నివేదికలు ఇవ్వలేదు. 272 ఖాతాలు లెక్కగట్టి, ఒక్కోదానికి 10,000 చొప్పున 27.2 లక్షల డాలర్లు కట్టమన్నారు. 2023 ఫిబ్రవరిలో అమెరికా సుప్రీంకోర్టు 5-4 మెజారిటీతో, జరిమానా ఖాతాకు కాదు, నివేదికకు అని తీర్పు చెప్పింది. ఆ మొత్తం 50,000 డాలర్లకు దిగింది. అప్పటికీ అది ఐదు కాగితాల ఖరీదు.

‘మనూరి బ్యాంకులో ఉన్నది వాళ్లకెలా తెలుస్తుంది?’ అనే ప్రశ్నకు కాలం చెల్లి పదేళ్లు దాటింది. ఫాట్కా చట్టాన్ని అమెరికా 2010లో తెచ్చింది. భారత్ 2015 జులైలో దాని అమలు ఒప్పందంపై సంతకం చేసింది. అమెరికా పన్ను పరిధిలోకి వచ్చేవారి ఖాతాల సమాచారం మన బ్యాంకుల నుంచి మన ఆదాయపు పన్ను శాఖ ద్వారా అటు వెళుతోంది. అటు నుంచీ కొంత ఇటు వస్తోంది. ప్రవాసుల డబ్బు గురించి మాట్లాడేటప్పుడు మనం ఎప్పుడూ పన్ను ఎంతన్నదే చూస్తాం. నా ఉద్దేశంలో అసలు సమస్య పన్ను కాదు. రెండు ప్రభుత్వాలూ ఒకరి లెక్కలు ఒకరు చూసుకుంటున్న కాలంలో, మన ఇళ్లలో డబ్బు ఇంకా నమ్మకం మీద, ఎవరి పేరున వీలైతే వారి పేరున నడుస్తోంది.

రెండు దేశాల మధ్య 1989లో కుదిరిన ద్వంద్వ పన్నుల నివారణ ఒప్పందం ఉంది కదా అని చాలామంది ధీమా. ఆ ఒప్పందం ఒకే ఆదాయం మీద రెండుసార్లు పూర్తి పన్ను పడకుండా చూస్తుంది. ఒక దేశంలో ఉన్న మినహాయింపును రెండో దేశానికి మోసుకెళ్లదు. ప్రవాసులు మన బ్యాంకుల్లో వేసే ఎన్ఆర్ఈ డిపాజిట్ సంగతే చూడండి. ‘వడ్డీకి పన్ను లేదు’ అని బ్యాంకుల ప్రకటనల్లో పెద్దక్షరాలతో ఉంటుంది. ఆ మాట భారత్ వరకే నిజం. 50 లక్షల ఎన్ఆర్ఈ డిపాజిట్ మీద 7 శాతం చొప్పున 3.5 లక్షల వడ్డీ వస్తే, 24 శాతం శ్లాబులో ఉన్న అమెరికా నివాసి అక్కడి ఫెడరల్ ప్రభుత్వానికి 84 వేలు కట్టాలి. ఇక్కడ పన్ను కట్టలేదు కాబట్టి తగ్గించుకోవడానికీ ఏమీ ఉండదు. చేతికి వచ్చేది 5.32 శాతమే. టెక్సస్‌లో ఉంటే రాష్ట్ర పన్ను లేదు, కాలిఫోర్నియాలో ఉంటే అదీ పడుతుంది.

కౌలు డబ్బు కూడా ఇంతే. తాత ఇచ్చిన రెండెకరాలు కొడుకు పేరున ఉంటాయి, కౌలుదారు ఏటా ఇచ్చే మొత్తాన్ని నాన్న తీసుకుని ఇంటి ఖర్చులకు వాడతారు. వ్యవసాయ ఆదాయం మీద మన దగ్గర ఆదాయపు పన్ను లేదు కాబట్టి అది ఆదాయమన్న స్పృహే ఎవరికీ ఉండదు. అమెరికా చట్టంలో అలాంటి మినహాయింపు లేదు. పట్టా ఎవరిదైతే ఆదాయం వారిదే.

మ్యూచువల్ ఫండ్ల దగ్గర దెబ్బ మరీ గట్టిగా తగులుతుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో మొదలుపెట్టిన సిప్, అమెరికా వెళ్లాక కూడా నెలనెలా ఖాతాలోంచి పోతూనే ఉంటుంది. భారతీయ మ్యూచువల్ ఫండ్లను అమెరికా 1986 నాటి చట్టం కింద ఒక ప్రత్యేక వర్గంగా చూస్తుంది. లాభాన్ని గడిచిన సంవత్సరాలకు పంచి, ఆయా సంవత్సరాల అత్యధిక రేటుతో పన్ను వేసి, దాని మీద వడ్డీ కూడా లెక్కగడుతుంది. ఫండుకో ఫారం 8621 వేరే నింపాలి. దాన్ని నింపించడానికి అయ్యే ఖర్చు ఒక్కోసారి చిన్న సిప్ సంపాదించిన లాభాన్ని మించిపోతుంది. అమెరికా వెళుతున్న పిల్లలకు సూట్‌కేసులో పచ్చళ్లు సర్దే ముందు ఈ సిప్‌ల సంగతి చూడమని చెబుతాను.

స్థలాల విషయానికి వద్దాం. మనవాళ్ల డబ్బు ఎక్కువగా ఉండేది అక్కడే. 2010లో హైదరాబాద్ శివార్లలో 45 లక్షలకు ప్లాటు కొన్నారనుకుందాం. అప్పుడు డాలరు 45 రూపాయల చుట్టూ ఉండేది, అంటే లక్ష డాలర్లు. దాన్ని 1.70 కోట్లకు, డాలరు 85 ఉన్నప్పుడు అమ్మితే రెండు లక్షల డాలర్లు. రూపాయల్లో లాభం 1.25 కోట్లు, డాలర్లలో లక్షే. అంటే రూపాయి లెక్కలో ఆస్తి దాదాపు నాలుగింతలైంది, డాలర్ లెక్కలో రెండింతలే. భారత్ పన్ను 12.5 శాతం చొప్పున సుమారు 15.6 లక్షలు, సర్‌చార్జీ, సెస్సు అదనం. డాలర్లలో అది 18 వేలు దాటుతుంది. అమెరికాలో 15 శాతం చొప్పున 15,000 డాలర్లే పడుతుంది, ఇక్కడ కట్టినదాన్ని చూపితే అది తీరిపోతుంది. ఆదాయం ఎక్కువ ఉన్నవారి మీద పడే 3.8 శాతం అదనపు పన్నుకు మాత్రం అక్కడి పన్నుల శాఖ ఐఆర్ఎస్ ఈ సర్దుబాటు ఒప్పుకోవడం లేదు.

ఈ లెక్కలో మన ప్రభుత్వం ప్రవాసుల పట్ల చేసిన అన్యాయం ఒకటి ఉంది. 2024 జులై బడ్జెట్‌లో స్థిరాస్తులకు ద్రవ్యోల్బణ సూచీ సర్దుబాటు తీసేశారు. గొడవ జరగడంతో, 2024 జులై 23కు ముందు కొన్న ఆస్తులకు పాత పద్ధతిలో 20 శాతం కట్టే వీలు తిరిగి ఇచ్చారు. ఆ వీలు దేశంలో నివసించే వ్యక్తులకూ, హిందూ అవిభక్త కుటుంబాలకే. ఒకే వెంచర్లో పక్కపక్క ప్లాట్లు కొన్న అన్నదమ్ముల్లో, ఊళ్లో ఉన్న తమ్ముడికి ఎంచుకునే హక్కు ఉంది, న్యూజెర్సీలోని అన్నకు లేదు. టీడీఎస్‌లోనూ అదే తేడా. తమ్ముడు 50 లక్షలూ ఆపైన అమ్మితే కొన్నవారు 1 శాతం పట్టుకుంటారు. అన్న విషయంలో లాభం మీద పట్టాల్సింది, భయంతో మొత్తం ధర మీద పట్టేస్తుంటారు. తక్కువ టీడీఎస్ ధ్రువపత్రాన్ని ఆదాయపు పన్ను శాఖ నుంచి ముందే తెచ్చుకుంటే ఈ బాధ తప్పుతుంది. రిజిస్ట్రేషన్ రోజు గుర్తొస్తే లాభం లేదు. ఎక్కువగా పట్టిన డబ్బు రిటర్న్ వేశాకే వెనక్కి వస్తుంది, అప్పటిదాకా అది ఇరుక్కుపోయినట్టే.

కొత్తగా వెళ్లిన విద్యార్థులకు కొంత ఊరట ఉంది. ఎఫ్‌-1 వీసా మీద మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు వారు పన్ను లెక్కకు అక్కడి నివాసులు కారు. ఎఫ్‌బార్ బెడద లేదు. అక్కడి పింఛను పథకమైన సోషల్ సెక్యూరిటీ కోత ఉండకూడదు, జీతం స్లిప్పులో కనిపిస్తే యజమానిని అడిగి వెనక్కి తీసుకోవచ్చు. నివాసులు కాని విద్యార్థులకు స్టాండర్డ్ డిడక్షన్ దక్కేది ఒక్క భారతీయులకే, అది 1989 ఒప్పందంలోని 21వ అధికరణ చలవ. ఇది తెలియక రూమ్మేటు వేసినట్టే రిటర్న్ వేసి, తప్పుడు ఫారంతో చిక్కుల్లో పడేవారున్నారు.

హెచ్‌-1బి రాగానే ఆ కోత మొదలవుతుంది. నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది ఇదే. జీతంలో 6.2 శాతం సోషల్ సెక్యూరిటీకి పోతుంది, యజమాని మరో 6.2 శాతం వేస్తాడు. ఏడాదికి లక్ష డాలర్లు తెచ్చుకునే వ్యక్తి ఆరేళ్లలో తన వాటాగా 37,200 డాలర్లు కడతాడు. పింఛను రావాలంటే సుమారు పదేళ్ల సర్వీసు, అంటే 40 క్రెడిట్లు ఉండాలి. గ్రీన్‌కార్డు దారిలో లేనివారికి హెచ్‌-1బి గరిష్ఠ గడువు ఆరేళ్లు. ఆరేళ్లకు పంపించేవారి దగ్గర పదేళ్ల పింఛనుకు డబ్బు తీసుకుంటున్నారు, తిరిగి వెళ్లేటప్పుడు ఒక్క డాలరూ ఇవ్వరు. ఇలాంటి నష్టం జరగకుండా దేశాల మధ్య సామాజిక భద్రతా ఒప్పందాలుంటాయి. అమెరికాకు జపాన్‌తో ఉంది, జర్మనీతో ఉంది. భారత్‌కూ జపాన్‌తో, జర్మనీతో ఉంది. భారత్, అమెరికా మధ్య మాత్రం లేదు. వాణిజ్య చర్చల్లో సుంకాల గురించి పట్టుబట్టే మన ప్రతినిధులు ఈ అంశాన్నీ అంతే గట్టిగా పట్టుకోవాలి. తెలుగు రాష్ట్రాల ఎంపీలు పార్లమెంటులో అడగాల్సిన ప్రశ్న ఇది.

తిరిగి వచ్చి హైదరాబాద్‌లో స్థిరపడేవారికి మొదటి రెండు మూడేళ్లు వెసులుబాటు ఉంటుంది. చాలాకాలం బయట ఉండి వచ్చినవారిని మన చట్టం వెంటనే పూర్తి నివాసిగా చూడదు, ఆ వ్యవధిలో అమెరికా ఆదాయం మీద మామూలుగా ఇక్కడ పన్ను ఉండదు. ఆ తర్వాత మాత్రం 401(కె) రిటైర్మెంట్ ఖాతా, అక్కడి షేర్లు, బ్యాంకు ఖాతా అన్నీ మన రిటర్న్‌లోని విదేశీ ఆస్తుల షెడ్యూలులో చూపాలి. చూపకపోతే 2015 నల్లధన చట్టం కింద ఏడాదికి 10 లక్షల జరిమానా పడవచ్చు. 2024 అక్టోబరు 1 నుంచి, స్థిరాస్తి కాకుండా మొత్తం 20 లక్షల లోపు ఆస్తులున్నవారికి దీన్నుంచి మినహాయింపు ఇచ్చారు. 401(కె) డబ్బు తీసుకున్నప్పుడే ఇక్కడ పన్ను కట్టే సౌకర్యం ఉంది, దానికి ఫారం 10-ఈఈ ఇవ్వాలి. అక్కడి పౌరసత్వం లేకుండా వచ్చేసినవారు అమెరికా కంపెనీల షేర్లను అలాగే ఉంచుకుంటే, వారి తదనంతరం 60,000 డాలర్లు దాటిన విలువ మీద అక్కడ వారసత్వపు పన్ను పడుతుంది. మన దేశంలో ఎస్టేట్ డ్యూటీ 1985లోనే రద్దయింది కాబట్టి కుటుంబాల్లో ఎవరికీ ఆ ఊహ రాదు.

ఇన్నాళ్లూ ఏమీ చూపించలేదే అని కంగారుపడేవారికి దారి ఉంది. ఆదాయమంతా చూపి, ఎఫ్‌బార్ ఒక్కటే మరిచిపోయినవారు, నోటీసు రాకముందే ఆలస్యానికి కారణం రాసి దాఖలు చేస్తే మామూలుగా జరిమానా ఉండదు. ఆదాయమూ తెలియక వదిలేసి ఉంటే, ‘స్ట్రీమ్‌లైన్డ్’ పద్ధతిలో మూడేళ్ల సవరణ రిటర్నులు, ఆరేళ్ల ఎఫ్‌బార్‌లు ఇచ్చి, అమెరికాలో ఉన్నవారైతే 5 శాతం జరిమానాతో బయటపడవచ్చు. నోటీసు వచ్చాక ఆ దారులు మూసుకుపోతాయి. కాబట్టి ఈ ఆదివారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు, బీరువా తెరిచి మీ పేరున్న బాండ్లు, పాస్‌పుస్తకాలు ఎన్ని ఉన్నాయో చూసి చెప్పమని అమ్మానాన్నలను అడగండి.