మన ఇంటి కంప్యూటర్: మూడో సీటు ఎవరిది?

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఒకటి నన్ను బాగా ఆలోచింపజేసింది. రాసినావిడ కొడుకు కాలేజీలో యానిమేషన్ చదువుతున్నాడు. త్రీడీ బొమ్మలు త్వరగా తయారవాలని ఇంటి కంప్యూటర్లో రెండు గ్రాఫిక్స్ కార్డులు బిగించాడు. చోటు చాలక పాత సౌండ్ కార్డు తీసేశాడు. ఆవిడేమో తెనాలి నుంచి తెచ్చుకున్న క్యాసెట్లను ఆ సౌండ్ కార్డుతోనే కంప్యూటర్లోకి ఎక్కిస్తున్నారు. అన్నీ వాళ్ళమ్మగారు పాడిన మంగళహారతులు. పద్నాలుగింటిలో ఆరు అయ్యాయి, ఎనిమిది మిగిలాయి. ఆ తల్లి ఇప్పుడు లేరు. మూడు కార్డులూ ఒకే పెట్టెలో కుదరవా అని ఆవిడ అడుగుతున్నారు.

చాలావరకు కుదురుతాయండీ. కాకపోతే స్క్రూ డ్రైవర్ పట్టుకునే ముందు కాస్త లెక్క వేసుకోవాలి. లెక్క చూడకుండా కార్డులు కొనేస్తే ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు అవుతుంది.

అసలు సౌండ్ కార్డు ఎందుకో ముందు చూద్దాం. గ్రాఫిక్స్ కార్డులో కూడా శబ్దం ఉంటుంది కదా అని పిల్లలు అడుగుతారు. నిజమే, హెచ్‌డీఎంఐ తీగ గుండా శబ్దం టీవీకి వెళ్తుంది. అయితే అది బయటికి పోయే దారి మాత్రమే. క్యాసెట్ ప్లేయర్ నుంచి పాట లోపలికి రావాలంటే 'లైన్ ఇన్' అనే జాక్ కావాలి. మైకు జాక్ ఆ పనికి సరిపోదు. అది సాధారణంగా ఒక్క చానెలే తీసుకుంటుంది, పైగా మైకు నుంచి వచ్చే సన్నటి సంకేతం కోసం తయారైంది కాబట్టి క్యాసెట్ ప్లేయర్ తగిలిస్తే పాట పగిలినట్టు వినిపిస్తుంది. కంప్యూటర్ వెనక, మదర్‌బోర్డు జాకుల్లో లేత నీలం రంగుది ఉందేమో చూడండి. ఉంటే అదే లైన్ ఇన్. ముందు దానితో ఒక పాట రికార్డు చేసి వినండి. బాగుంటే మీకు కార్డు గొడవే లేదు. ఆ జాక్ లేకపోయినా, గుర్రుమనే చప్పుడు వస్తున్నా ముందుకు చదవండి.

పాత రోజుల్లో ఈ తగాదా లేదు. 1997లో వచ్చిన ఏజీపీ పద్ధతిలో గ్రాఫిక్స్ కార్డుకు బోర్డు మీద ఒక్కటే చోటు ఉండేది. పక్కనున్న పీసీఐ స్లాట్లలో సౌండ్ కార్డు, మోడెమ్ హాయిగా ఉండేవి. ఆ తర్వాత పీసీఐ ఎక్స్‌ప్రెస్ వచ్చింది. 2004లో ఎన్‌విడియా ఎస్ఎల్ఐ పేరుతో రెండు కార్డులను జతగా పనిచేయించింది. ఆటల్లో ఆ జత పద్ధతి ఇప్పుడు దాదాపు పోయింది. బ్లెండర్ లాంటి యానిమేషన్ సాఫ్ట్‌వేర్ మాత్రం రెండు కార్డులనూ విడివిడిగా గుర్తించి పని పంచుతుంది. కాబట్టి ఆ అబ్బాయి పెట్టుకున్నది వృథా ఏమీ కాదు.

ఇక చోటు లెక్క. 1995లో ఇంటెల్ తెచ్చిన ఏటీఎక్స్ కొలత ప్రకారం పెద్ద మదర్‌బోర్డుకు ఏడు స్లాట్ల స్థానాలు ఉంటాయి. స్థానానికీ స్థానానికీ మధ్య దూరం 0.8 అంగుళం. మైక్రో ఏటీఎక్స్ అయితే నాలుగే. కార్డు గుచ్చుకునేది ఒక్క స్లాట్లోనే అయినా దాని ఫ్యాన్లు, లోహపు రెక్కలు కలిసి రెండు, మూడు స్థానాలు ఆక్రమిస్తాయి. మన పల్లె బస్సులో ముగ్గురి సీటులో ఇద్దరు భారీ మనుషులు కూర్చున్నట్టన్నమాట. రెండు మూడేసి స్థానాల కార్డులు పెడితే ఆరు పోయాయి. ఏడింటిలో ఒక్కటే మిగులుతుంది. మైక్రో ఏటీఎక్స్‌లో అసలు ఆ రెండే పట్టవు.

కిటికీలోంచి రుమాలు వేసి సీటు పట్టినట్టు, సౌండ్ కార్డుకు ముందే చోటు పట్టాలి. కొన్ని బోర్డుల్లో మొదటి స్థానంలో ఎక్స్1 అనే చిన్న స్లాట్, రెండో స్థానంలో పెద్ద స్లాట్ ఉంటాయి. ఆ పైన ఉన్న చిన్నదే సౌండ్ కార్డుకు మంచి చోటు. అక్కడ గ్రాఫిక్స్ కార్డు వీపు భాగం ఉంటుంది గాని ఫ్యాన్లు ఉండవు. ప్రాసెసర్ మీది కూలర్ అడ్డొస్తుందేమో మాత్రం కొలుచుకోండి. అది లేకపోతే అన్నిటికన్నా కింది స్లాట్ చూడండి. రెండు గ్రాఫిక్స్ కార్డుల మధ్య ఇరికించడం మాత్రం వద్దు. పై కార్డు ఫ్యాన్లకు గాలి అడ్డుతుంది, సౌండ్ కార్డూ వేడెక్కుతుంది.

కింద మిగిలింది ఎక్స్1 కాకుండా పొడవైన ఎక్స్16 స్లాట్ అయితే భయం లేదు. చిన్న కార్డు పెద్ద స్లాట్లో పనిచేస్తుంది. వేగమూ చాలుతుంది. మొదటి తరం పీసీఐ ఎక్స్‌ప్రెస్‌లో ఒక్క లేన్ సెకనుకు 250 మెగాబైట్లు మోస్తుంది. 24 బిట్లు, 48 కిలోహెర్ట్జ్ స్టీరియో పాటకు కావలసింది సెకనుకు 0.3 మెగాబైటు కూడా కాదు.

అయితే మదర్‌బోర్డు పుస్తకం తీసి స్లాట్ల పట్టిక తప్పక చూడండి. కొన్ని బోర్డుల్లో ఫలానా స్లాట్ వాడితే ఫలానా ఎం.2 డిస్కు పనిచేయదని రాసి ఉంటుంది. మీ సౌండ్ కార్డు పాత పీసీఐ రకమైతే పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్లో పట్టనే పట్టదు, బలవంతం చేయకండి.

బిగించేటప్పుడు కరెంటు తీగ పీకి, పెట్టె లోహం ముట్టుకుని, తర్వాతే కార్డు పట్టుకోండి. కొన్ని సౌండ్ కార్డులకు విడిగా కరెంటు తీగ కూడా తగిలించాలి.

అంతా బిగించాక పాట వినిపించకపోతే కంగారు పడకండి. విండోస్ ప్రతి గ్రాఫిక్స్ కార్డునూ ఒక శబ్ద పరికరంగా చూపిస్తుంది. రెండు కార్డులుంటే జాబితా చాంతాడంత అవుతుంది. సౌండ్ సెట్టింగుల్లో సౌండ్ కార్డును డిఫాల్ట్‌గా ఎంచుకుని, ఇన్‌పుట్ దగ్గర లైన్ ఇన్ పెట్టండి.

ఆపైన ఒక పరీక్ష చేయండి. క్యాసెట్ ఆడించకుండా ఒక నిమిషం నిశ్శబ్దాన్ని రికార్డు చేయండి. తర్వాత అబ్బాయి చేత బ్లెండర్ నడిపించి మరో నిమిషం రికార్డు చేయండి. రెండో దాంట్లో గుయ్యిమనే మోత వినిపిస్తే, గ్రాఫిక్స్ కార్డులు కరెంటు లాగేటప్పుడు పుట్టే అలజడి సౌండ్ కార్డుకు తగులుతోందన్నమాట. దానికి మందు టైమ్ టేబులే. అమ్మ రికార్డు చేసే గంట కొడుకు కార్డులకు సెలవు.

చోటు ఎంతకీ కుదరకపోతే లైన్ ఇన్ ఉన్న యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ కొనుక్కోండి. అది పెట్టె బయట ఉంటుంది కాబట్టి స్లాటుతో పని లేదు, లోపలి మోతకూ దూరం. కొనేముందు స్టీరియో లైన్ ఇన్ అని రాసి ఉందో లేదో చూడండి. చౌకగా దొరికే బుల్లి యూఎస్‌బీ ముక్కల్లో చాలావాటికి మైకు జాక్ మాత్రమే ఉంటుంది.

రికార్డింగుకు ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు. 24 బిట్లు, 48 కిలోహెర్ట్జ్‌లో గంట క్యాసెట్ ఒక గిగాబైటు దాకా వస్తుంది. ఎనిమిదీ కలిపి చిన్న పెన్ డ్రైవులో పడతాయి. రెండు చోట్ల దాచుకోండి, ఒకటి ఇండియాలో ఉన్న తోబుట్టువులకు పంపండి.

పిల్లలూ, ఈ వారం నాన్నతోనో అమ్మతోనో కలిసి మీ కంప్యూటర్ మూత తీయించి, స్లాట్లెన్నో, ఖాళీ ఎన్నో లెక్కపెట్టండి. ఆ అన్నయ్యకు నా సలహా ఒక్కటే. గ్రాఫిక్స్ కార్డులు మళ్ళీ కొత్తవి వస్తాయి. అమ్మమ్మ క్యాసెట్లకు మాత్రం రెండో కాపీ లేదు, టేపు ఏటేటా పాడవుతూనే ఉంటుంది. అందుకని ఆ ఎనిమిదీ అయ్యేవరకు రుమాలు సౌండ్ కార్డుదే.