మాత్రలు దాచే సొరుగు

జపాన్‌లో మంచం దిగలేని వృద్ధుల ఇళ్లకు మందుల షాపు ఫార్మసిస్టే వెళ్తారు. 2000లో దీర్ఘకాలిక సంరక్షణ బీమా మొదలయ్యాక ఈ పద్ధతి బాగా పెరిగింది. మామూలుగా నెలకు నాలుగుసార్ల దాకా, క్యాన్సర్ చివరి దశలో అయితే ఎనిమిదిసార్ల దాకా.

వెళ్లి ఏం చేస్తారంటారా? పూటకో పొట్లంగా కట్టిన మాత్రల్ని గోడకు వేలాడే మందుల క్యాలెండర్ జేబుల్లో సర్దుతారు. సొరుగుల్లోంచి మింగని మాత్రలు ఏరి లెక్కపెడతారు. పెద్దాయన ఎందుకు మానేశాడో (చేదనో, కళ్లు తిరుగుతున్నాయనో) కబుర్లలో పెట్టి రాబడతారు. ఆ సంగతి డాక్టరుకు రాసి పంపుతారు.

ఇదంతా కౌంటరు పనికి అదనం. ఫార్మసిస్టు ఒక్కరే ఉన్న షాపులో భోజనం వేళో, షట్టర్ దించాకో బయల్దేరాలి. అర్ధరాత్రి ఫోన్ మోగినా ఎత్తాలి. బీమా చూసేది ఎన్నిసార్లు వెళ్లారనే, దారిలో ఎంతసేపు పట్టిందని కాదు. అన్నిటికంటే బరువైన పని ఇంకొకటుంది. నెలల తరబడి చూసిన రోగి పోతే, మిగిలిన మార్ఫిన్ వెనక్కి తీసుకుని, నాశనం చేసి, 30 రోజుల్లోగా ప్రభుత్వానికి లెక్క చెప్పాలి. ఏడవడానికి మాత్రం ఏ ఫారంలోనూ గడి ఉండదు.

రాత్రి ఫోన్లు లేని షాపు చూసుకుని వెళ్లిపోయేవారిని ఏమనగలం? కొత్తగా వచ్చినవారికి మందుల జాబితా అందుతుంది. పెద్దాయన మాత్రలు ఏ సొరుగులో దాస్తాడో మాత్రం మళ్లీ మొదటినుంచీ వెతుక్కోవాలి.