పగటి దెబ్బను దాచే రాత్రి మత్తు



ఒకప్పుడు మన ప్రాంతంలో ఉత్తరాది ప్రయాణమంటే కాశీ, ప్రయాగ. నేడు సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల యువతీయువకులు గుల్మార్గ్, మనాలి, ఔలి అంటున్నారు. మొన్న మా వీధిలోని ఒక యువ ఇంజనీరు వచ్చి, గుల్మార్గ్ ప్రయాణానికి ఏయే మందులు వెంట ఉంచుకోవాలని అడిగాడు. ఉదయం హైదరాబాదులో విమానం ఎక్కి సాయంత్రానికి గుల్మార్గ్ చేరాలి. మరునాడు పగలంతా మంచు మీద స్నోబోర్డింగ్. రాత్రికి చలిమంట, పాటలు, రమ్ము. ఇదీ అతని కార్యక్రమం. "చలికి రెండు పెగ్గులు మంచివే గదా సార్?" అని నవ్వాడు. అతనికి నేనిచ్చిన సమాధానాన్నే కొంత విస్తరించి ఇక్కడ వ్రాస్తున్నాను.

వెళ్ళవద్దని నేను అనను. మే నెల ఎండలో పుట్టి పెరిగిన మనవాళ్ళు మంచును చూసి మురిసిపోవడం సహజం. వ్యాయామమూ మంచిదే. నా అభ్యంతరమల్లా పగటి ఆటనూ రాత్రి మద్యాన్నీ ఒకే రోజులో కలపడం మీద. పగలు శరీరానికి తగిలిన దెబ్బను రాత్రి మత్తు దాచివేస్తుంది. ప్రమాదమంతా ఆ దాచడంలోనే ఉంది.

ముందుగా ఆట సంగతి చూద్దాం. 1965లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో షెర్మన్ పాపెన్ అనే ఆయన రెండు స్కీలను జతకట్టి తన కుమార్తెలకు ఆటవస్తువుగా ఇచ్చాడు. నేటి స్నోబోర్డుకు అదే పూర్వరూపం. 1998లో జపాన్‌లోని నగానో ఒలింపిక్స్‌తో ఇది ఒలింపిక్ క్రీడ అయింది. రెండు పాదాలూ ఒకే పలకకు బిగించి ఉంటాయి గనుక తూలినప్పుడు కాలు చాపి నిలదొక్కుకునే అవకాశం లేదు. కొత్తవారు చేతులు ఆనించి పడతారు, మణికట్టు విరుగుతుంది. వెనక్కి పడితే తల నేలకు కొట్టుకుంటుంది.

తల దెబ్బ వెంటనే బయటపడకపోవచ్చు. 2009 మార్చిలో కెనడాలోని మాంట్ ట్రెంబ్లాంట్ వద్ద బ్రిటిష్ నటి నటాషా రిచర్డ్‌సన్ స్కీయింగ్ నేర్చుకుంటూ, కొత్తవారి కోసం ఉన్న చిన్న వాలు మీద పడ్డారు. హెల్మెట్ లేదు. తనకేమీ కాలేదని చెప్పి మొదట వైద్యసహాయం వద్దన్నారు. కొంతసేపటికి తలనొప్పి మొదలైంది. రెండు రోజులకే మరణించారు. పుర్రెకూ మెదడు పైపొరకూ మధ్య రక్తం చేరి మెదడును నొక్కివేయడమే కారణం. ఇటువంటి గాయంలో మనిషి కొంతసేపు మామూలుగానే మాట్లాడతాడు, నడుస్తాడు. ఆ వ్యవధిలో గ్లాసు చేతికి వస్తే తర్వాత కలిగే వాంతిని, తూలడాన్ని, మగతను చూసి స్నేహితులు ఏమనుకుంటారు?

అప్పటి 9వ నంబరు, నేటి 65వ నంబరు జాతీయ రహదారి పక్కన ఏళ్ళ తరబడి పనిచేసిన నాకు దీని సమాధానం పుస్తకంలో వెతకనక్కరలేదు. ఒక రాత్రి విందు నుంచి తిరిగి వస్తూ ఒక యువకుడు మోటారు సైకిలు మీద నుంచి పడ్డాడు. లేచి, నవ్వి, మళ్ళీ బండెక్కాడు. ఇంట్లో వాంతి చేసుకుంటే, "మత్తులో ఉన్నాడు, తెల్లారితే దిగుతుంది" అని మిత్రులు పడుకోబెట్టారు. తెల్లవారి మా దగ్గరకు తెచ్చేసరికి ఒక కంటిపాప పెద్దదై, వెలుతురుకు కదలడం లేదు. అప్పటికే చేయిదాటిపోయింది. ఆ మిత్రులు దుర్మార్గులు కారు. మద్యం వాసన వారి కళ్ళు కప్పింది, అంతే.

మంచు కొండ మీద ఈ పొరపాటుకు మరో రెండు కారణాలు తోడవుతాయి. మొదటిది ఎత్తు. మన మూడు పట్టణాలూ సముద్రమట్టానికి 200 మీటర్ల లోపే ఉన్నాయి. గుల్మార్గ్ సుమారు 2,650 మీటర్లు. అక్కడ ప్రతి శ్వాసలో అందే ప్రాణవాయువు ఇక్కడి దానిలో దాదాపు మూడు వంతులే, నాలుగో వంతు తక్కువ. రోప్‌వే ఎక్కి సుమారు 3,950 మీటర్ల అఫర్వత్‌కు వెళితే ఇంకా తక్కువ. 2,500 మీటర్లు దాటాక కొందరికి తలనొప్పి, వికారం, నిద్రలేమి కలుగుతాయి. అరుదుగా ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది, లేదా మెదడు వాస్తుంది. మెదడు వాచినవాడూ తాగినవాడిలాగే తూలతాడు, తడబడతాడు. పైగా మద్యం నిద్రలో శ్వాసను మందగింపజేసి ప్రాణవాయువును మరింత తగ్గిస్తుంది.

రెండవది చలి. మద్యం చర్మంలోని రక్తనాళాలను విప్పార్చుతుంది. చర్మం వెచ్చగా అనిపిస్తుంది, కాని లోపలి వేడి బయటికి పోతుంది. వణుకు కూడా తగ్గుతుంది. వెచ్చబడ్డామనుకుంటున్న వేళ నిజానికి చల్లబడుతున్నాం. "మరి సైనికులు తాగరా?" అంటారు కొందరు. సైన్యం తన జవాన్లను రోజుల తరబడి, దశలవారీగా ఎత్తుకు అలవాటు చేశాకే పైకి పంపుతుంది. మనం ఒక్క పూటలో ఎక్కుతున్నాం.

కనుక నా మనవి ఇది. చేరిన తర్వాత మొదటి రెండు రోజులు మద్యం ముట్టకండి. ఆ తర్వాత కూడా పగలు తలకు దెబ్బ తగిలితే ఆ రాత్రి ముట్టవద్దు. శిక్షకుడు, హెల్మెట్, మణికట్టు రక్షణపట్టీలు లేకుండా పలక ఎక్కవద్దు. బృందంలో ఒకరు ప్రతి రాత్రీ తాగకుండా ఉండాలి. పగలు ఎవరు ఎలా పడ్డారో వారికి తెలిసి ఉండాలి. తలదెబ్బ తర్వాత వాంతి, పెరిగే తలనొప్పి, మగత కనిపిస్తే తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తరలించండి. కూర్చున్నా ఆయాసం, తిన్నగా నడవలేకపోవడం ఉంటే వెంటనే కిందికి దించండి. బీపీ, గుండెజబ్బు, ఆస్తమా ఉన్నవారు బయలుదేరేముందే తమ వైద్యుని కలవాలి.

తల్లిదండ్రులకు ఒక మాట. "వెళ్ళవద్దు" అంటే పిల్లలు చెప్పకుండా వెళతారు. "రాత్రి మీలో తాగకుండా ఉండేది ఎవరు నాయనా?" అని అడగండి. మా వీధి యువకుణ్ణి నేను అదే అడిగాను. కాసేపు ఆలోచించి, "మొదటి రాత్రి నేనే ఉంటాను సార్" అన్నాడు. నేను వ్రాసి ఇచ్చిన మందుల చీటీ కన్నా ఆ మాటే అతణ్ణి ఎక్కువ కాపాడుతుందని నా నమ్మకం.